ఎన్ని నోళ్లో అన్ని మడులు

లింగాల ఘనపూర్ పోస్టు,
19 ఆగస్టు 1979

తమ్ముడూ చంద్రమౌళీ,

భూపాలపల్లి క్యాంపు అని రాస్తే చాలన్నావు కాబట్టి రాస్తున్నాను. ఆ అడవిలో ఎవరు తెచ్చిస్తారో, ఎన్నాళ్లకు ఇస్తారో నాకు తెలియదు. అక్కడ దోమలు విపరీతమట కదా, సాయంత్రం పూట వేపాకు పొగ వేసుకో. అన్నం ఎవరు వండుతున్నారు? బొగ్గు కోసం భూమికి రంధ్రాలు వేసే ఉద్యోగమని చెబితే మా అత్తమ్మ నవ్వి, "భూమి ఊకుంటదా మరి?" అన్నది.

ఇక్కడ వానలు మోసం చేశాయి. మృగశిరలో నాలుగు చినుకులు పడ్డాయి, పునర్వసులో ఒక్క మంచి వాన కురిసింది. చెరువు మూడో వంతు కూడా నిండలేదు. నాట్లు వేయాలా వద్దా అని మొన్న ఊరంతా కట్ట మీద కూడింది. మన పొలం తూము పక్కనే కదా, ఏ కరువులోనూ ఎండదు. అందుకని మీ బావ ధీమాగానే పోయాడు. అక్కడ ఓదెమ్మ లేచింది. ఆయకట్టు చివర రెండెకరాలున్న ముసలామె. మొగుడు లేడు. కొడుకూ కోడలూ, ముగ్గురు పిల్లలూ ఉన్నారు.

"సంజీవా, నీకు పండుతది. మాకు ఎండుతది. మా తాతల కాలంల నీళ్లు తక్కువైతే పొలాలకు కాదు, నోళ్లకు పంచుకునేటోళ్లట. గిప్పుడు ఎందుకు పంచుకోవద్దో జర జెప్పు" అని అడిగింది.

మీ బావ కట్ట దిగి ఇంటికి వచ్చాడు. రెండు రోజులు సరిగా తిండి తినలేదు. ఈ రోజు పొద్దున్నే కట్ట మీదికి పోయి "పంచుండ్రి" అన్నాడట. తూము కింది మన పొలం ఊరికి పంచేశాం తమ్ముడూ. మా అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు. ఇంకా రాయాలని ఉంది కానీ పోస్టు సంచి పోయే వేళయింది.

నీ క్షేమం కోరే అక్క,
అహల్య


భూపాలపల్లి క్యాంపు,
4 సెప్టెంబర్ 1979

అక్కా,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. పొలం ఊరికి పంచేశారా? బావ రెండు రోజులు తిండి మానేసి మూడో రోజు పంచేయమన్నాడంటే నేనేమనుకోవాలి? ఎవరైనా ఇంటికి వచ్చి బెదిరించారా? ఈ చుట్టుపక్కల అలాంటి మాటలు రోజూ వింటున్నాను. బావ ముందు రాయలేకపోతే బావ చెల్లెలు శశికళ వదినతో కబురు చెప్పించు. ఆమె మహబూబాబాద్ నుంచి ఉత్తరం రాస్తే ఎవరికీ అనుమానం రాదు.

నా సంగతి చెప్పాలంటే మాటలు చాలడం లేదు. మొన్న మిషన్ మూడు వందల అడుగుల కిందికి దిగింది. గొట్టంలోంచి రాయి పొడుగ్గా, చెరుకు గడలా బయటికి వచ్చింది. ముందు తెల్లరాయి, తర్వాత బూడిదరంగు రాయి, ఆ తర్వాత నల్లగా మిలమిలలాడుతూ బొగ్గు. బొగ్గు పైనున్న రాయి పలకలా విడిపోయింది. లోపల ఆకు ఉందక్కా! ఈనెలతో సహా ఆకు అచ్చు. మనిషి పుట్టడానికి కోట్ల ఏండ్ల ముందు రాలిన ఆకు అది. నాతో పనిచేసే బాల్‌సింగ్ తలపాగా తీసి దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

ఇక్కడ నూరేండ్లకు సరిపడా బొగ్గు ఉంటుందని మా పెద్దసారు అంటున్నాడు. ఈ అడవిలో పట్నం లేస్తుంది, ప్రతి ఊరికీ కరెంటు వస్తుంది. మీరు మాత్రం అక్కడ ఉన్న పొలం కూడా పోగొట్టుకుంటున్నారు. వెంటనే జవాబు రాయి.

చంద్రమౌళి


లింగాల ఘనపూర్ పోస్టు,
16 సెప్టెంబర్ 1979

పిచ్చి తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మీ బావ పడీ పడీ నవ్వాడు. మమ్మల్ని ఎవరూ బెదిరించలేదు. పొలం ఎక్కడికీ పోలేదు, మనదే. పంచింది ఈ ఒక్క పంటకు. తొందరలో రాసి నిన్ను పరేషాన్ చేశాను.

సంగతి ఇది. చెరువులో ఉన్న నీళ్లు తూము కింది పొలాలకు మాత్రమే సరిపోతాయి. అందుకని ఆ పొలాలను మాత్రమే తడుపుతాం. వాటిలో ఊర్లోని ఇండ్లన్నింటికీ, ఎన్ని నోళ్లుంటే అన్ని మడులు. భూమి ఉన్నవాళ్లకూ అంతే, లేనివాళ్లకూ అంతే. మనం సరే అన్నాక తూము కింద పొలాలున్న మిగతా మూడిండ్లవాళ్లూ కాదనలేకపోయారు. నీళ్లు వదిలే మొండయ్య తాడు పట్టి మడులు గుర్తు పెట్టాడు. మనకు అయిదు వచ్చాయి. మా అత్తమ్మ గట్టు మీద నిలబడి, "మా మామ కొన్న పొలంల నాకొక మడి జూపెడుతుండ్రు. ఎంత మంచోళ్లో!" అని దెప్పింది.

నాట్ల రోజు నువ్వు చూడాల్సింది. ఎప్పుడూ నేను గట్టు మీద నిలబడి కూలీలకు సద్ది పంపించేదాన్ని. ఈసారి చీర ఎగ్గట్టి బురదలోకి దిగాను. ఒక పక్క ఓదెమ్మ, ఇంకో పక్క మొండయ్య భార్య పెంటమ్మ. నా నారు వంకర పోతుంటే పెంటమ్మ నవ్వి నవ్వి బురదలో కూలబడింది. కాసేపటికి ఎవరి మడి ఎక్కడ అయిపోయిందో, ఎవరిది ఎక్కడ మొదలైందో చూసేవాళ్లు లేరు. చేతికి అందిన చోట నాటుకుంటూ పోయాం. సాయంత్రం గట్టెక్కి వెనక్కి చూస్తే ఊరు ఊరంతా ఒక్క పొలమై కనిపించింది. పెండ్లయి ఇన్నేండ్లయినా ఈ ఊరు ఇంత పెద్దదని నాకు తెలియదు తమ్ముడూ.

ఆకును చూసి దండం పెట్టానన్నావు చూడు, నాకూ అట్లనే అనిపించింది. బాల్‌సింగ్‌ను అడిగినట్టు చెప్పు.

బురద ఇంకా వదలని గోళ్లతో,
అక్క


భూపాలపల్లి క్యాంపు,
6 అక్టోబర్ 1979

అక్కా,

నెల దాటినా నీ దగ్గర్నుంచి జవాబు లేదు. మా క్యాంపు వాగు అవతలికి మారింది, అందుకే ఆలస్యమేమో అనుకున్నాను. కానీ నా మనసు నిలవలేదు. రెండు రోజుల సెలవు పెట్టి జనగామ వచ్చాను. మీ ఊరి బస్సు దొరకలేదు. "నువ్ వోతె లొల్లైతది, నేన్ జూసుకుంట" అని అక్కడున్న మన మేనమామ వెంకట్రాం కూడా ఆపాడు.

మామ బోరు మిషన్ కొన్నాడు కదా. మీ పొలంలో బోరు వేయమని చెప్పాను. అంతా నేను చూసుకుంటాను, బావకు ముందే చెప్పకు. నీళ్లు మీ సొంతమైతే మీరు ఎవరి దయ మీదా ఆధారపడే పని ఉండదు. రెండు పంటలు పండించండి. పిల్లలను పట్నంలో చదివించండి.

పెరగాలి అక్కా. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూసేస్తే వరంగల్ నుంచి మీ ఇంటికి వచ్చాను, గుర్తుందా? లాఠీ దెబ్బకు వీపు వాచి బోర్లా పడుకుంటే నువ్వు పసుపు నూనె రాశావు. మన పిల్లలకు కొలువులు కావాలని, మన ఊర్లు ముందుకు పోవాలని ఆ దెబ్బలు తిన్నాం. ఉన్నదాన్ని ముక్కలు చేసుకుని తినడానికి కాదు. కోపం తెచ్చుకోకు.

నీ తమ్ముడు


లింగాల ఘనపూర్ పోస్టు,
25 అక్టోబర్ 1979

చంద్రమౌళికి,

నా ఉత్తరం నీకు చేరలేదని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. అది కూడా బోరు మిషన్ వచ్చి పోయిన తర్వాత చేరింది. జరిగింది రాస్తాను, చదువు.

శశికళకు కాన్పు కష్టమైందని మీ బావ మహబూబాబాద్ దవాఖానకు పోయాడు. మగపిల్లవాడు పుట్టాడు, తల్లీబిడ్డలు బాగున్నారు. ఆయన అక్కడ ఉండగానే మామ లారీ మీద మిషన్ తెచ్చి మన పొలం గట్టున దింపాడు. "నీ తమ్ముడు పంపిండు బిడ్డా, అడ్డం జెప్పకు" అన్నాడు. నేను అడ్డం చెప్పలేదు. నిజం రాస్తున్నాను, చెప్పాలనిపించలేదు. ఆ చప్పుడుకు నేల అదిరింది, కొంగలు ఎగిరిపోయాయి, ఊరంతా వచ్చి నిలబడింది. దుమ్ము, తర్వాత తడి మన్ను, ఆ తర్వాత ఒక్కసారిగా తాటిచెట్టంత ఎత్తున నీళ్లు! పిల్లలు తడుస్తూ గంతులు వేశారు. నా మీద జల్లు పడింది. ఇంత నీరు నా కాళ్ల కింద ఇన్నాళ్లూ ఉందా అనుకున్నాను. ఇంకొక మాట కూడా అనిపించింది. ఇక మాకు ఎవరితోనూ పని లేదు అనిపించింది.

మామ ఇంజన్ పెట్టి నీటిని పరీక్ష చేస్తానని మర్నాడు పొద్దుగూకే వరకూ తోడించాడు. ఆ మరుసటి పొద్దున ఓదెమ్మ మన పొలం పక్కనున్న తమ వాడ తాగునీళ్ల బావిలో బొక్కెన వేసింది. బొక్కెన రాతికి కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు పొలం దాకా వినిపించింది. ఓదెమ్మ తిట్టలేదు. ఖాళీ బొక్కెన పట్టుకుని నా ముందు నుంచే నడిచిపోయింది.

మీ బావ వచ్చేసరికి ఊరు ముఖం తిప్పుకుంది. పైకి పంచినట్టు పంచి కింది నుంచి గుంజుకున్నారని అన్నారు. "నాకు తెల్వదు" అని ఆయన అంటే ఎవరూ నమ్మలేదు. ఆయన నన్ను నమ్మలేదు. "నువ్వే రాసినవు గద నీ తమ్మునికి" అని ఒకే మాట అని వాకిట్లో పడుకున్నాడు.

మూడు రోజులు అట్లాగే గడిచాయి. నాలుగో రోజు కట్ట మీద అందరూ కూడితే నేను పోయాను. ఆడవాళ్లం ఎప్పుడూ వెనకాలే నిలబడతాం. నేను ముందుకు పోయాను.

"మిషన్ వచ్చినప్పుడు నేనున్న. మా ఆయన లేడు. నేను ఆపలే, ఆశ పుట్టింది. మా తమ్ముడు మా మంచికే పంపిండు. గని గీ నీళ్లు నాయి కావు, ఓదెమ్మ బావియే నా బోరులకెల్లి వచ్చినయి. ఇంజన్ తీసేయిస్తున్న" అన్నాను.

ఓదెమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంటికి వచ్చేటప్పుడు మీ బావ ఎప్పటిలా ముందు నడవలేదు, నా పక్కన నడిచాడు. మామ మాత్రం అలిగి ఇంజన్ తీసుకుని పోయాడు. బావిలో నీళ్లు కొద్దికొద్దిగా ఊరుతున్నాయి.

నీ మీద కోపం ఉంది. అయినా అన్నం వేళకు తిను.

అహల్య


భూపాలపల్లి క్యాంపు,
9 నవంబర్ 1979

అక్కా,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు చేరాయి. నాట్ల ఉత్తరం ముందు చదివాను, బోరు ఉత్తరం తర్వాత చదివాను. ఆ సాయంత్రం వాగు ఒడ్డుకు పోయి కూర్చున్నాను. బావకు ఏ ముఖంతో రాయాలో తెలియక నీకే రాస్తున్నాను.

కానీ ఒకటి అడగనా? కోపం వద్దు. పెరగడం తప్పా? శశికళ వదిన బతికింది దవాఖాన ఉంది కాబట్టి, అందులో కరెంటు ఉంది కాబట్టి. ఆ కరెంటు మేం తీసే బొగ్గుతోనే వస్తుంది. అందరూ మీలాగే ఉన్నది పంచుకుని కూర్చుంటే దవాఖానలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇది రాసి పెట్టి మొన్న భోజనాల దగ్గర మా పెద్దసారును అడిగాను, "దేశానికి ఎంత బొగ్గు కావాలె సార్?" అని. ఆయన మంచి మనిషి, వెటకారం తెలియదు. "ఎంత ఉంటే అంత" అన్నాడు. పోయిన ఏడాది ఈ మాట విని ఛాతీ పొంగేది. ఇప్పుడు మొండయ్య తాడు గుర్తొచ్చింది. నోటికో మడి అని మీరు కొలుచుకున్నారు. మా దగ్గర ఆ తాడు ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదు.

జవాబు రాస్తావా?

చంద్రమౌళి


లింగాల ఘనపూర్ పోస్టు,
24 నవంబర్ 1979

తమ్ముడూ,

నేను ఏడో తరగతి దాకా చదివినదాన్ని. దేశం సంగతి నన్ను అడిగితే ఏం చెప్పను? మా ఊరి సంగతైతే చెబుతాను. మాకు దవాఖాన కావాలి. బడికి ఇంకొక పంతులు కావాలి. వానాకాలం బస్సు ఆగకుండా రోడ్డు కావాలి. అవి ఎంత పెరిగినా ఎవరి బావీ ఎండదు. నా పొలం మాత్రం పెరిగీ పెరిగీ ఓదెమ్మ బావిలోకి దిగింది. పెరగడం తప్పో ఒప్పో నాకు తెలియదు. ఏది పెరగాలి, ఎక్కడ ఆగాలి అని నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాలి. మేం కట్ట మీద మాట్లాడుకున్నాం. మీ క్యాంపులో కట్ట లేదు, అంతే.

వరి ఈని గింజ పట్టింది. సాయంత్రం ఎండ పడితే పొలమంతా పసుపు పూసుకున్నట్టుంటుంది. ఈసారి పిట్టలను తోలడానికి ఒక్కరు పోతే చాలు, అది అందరి పొలమే కదా.

ఇప్పుడు అసలు మాట. బోరు మూసేద్దామని కొందరన్నారు. నేనూ మీ బావా వద్దన్నాం. చేతిపంపు బిగిస్తే తాగే నీళ్లకు పనికొస్తుంది. కరువు పని కింద పంచాయతీ సమితి వాళ్లు పంపు ఇస్తామన్నారు కానీ బిగించే మనిషి సంక్రాంతి దాటాక వస్తాడట. గొట్టాలు దించడం నీకు వచ్చిన విద్యే కదా. కోతలకు రా. మీ బావే రాయమన్నాడు. "చంద్రమౌళిని రమ్మను, ఆ బోరు ఆయినదే గద" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఎదురుచూస్తూ,
అక్క


భూపాలపల్లి క్యాంపు,
8 జనవరి 1980

అక్కా, బావా,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. క్యాంపుకు వచ్చి మూడు రోజులైంది. ఇంకా చెవుల్లో మీ ఊరి కల్లం చప్పుడే వినిపిస్తోంది.

నేను వస్తే ఊరు ఏమంటుందోనని బస్సు దిగుతూనే భయపడ్డాను. ఓదెమ్మ నన్ను తేరిపార చూసి, "గీ పోరడేనా మా బాయిల నీళ్లు గుంజింది? బక్కగున్నడు, జర బువ్వ వెట్టుండ్రి" అన్నది. అందరూ నవ్వారు. నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి.

బోరు మీద పంపు బిగిస్తుంటే ఊరి మనుషులు తలా ఒక చెయ్యి వేసి గొట్టాలు దించారు. నేను ఎన్నో బోర్లు చూశాను. అక్కడ మిషన్ ఒక్కటే అరుస్తుంది, మనుషులు నోరు మూసుకుంటారు. మీ దగ్గర మనుషులు అరిచారు. మొదటి నీళ్లు ఎవరు కొట్టాలని అడిగితే బావ తన తల్లిని పిలిచాడు. ఆ పెద్దమ్మ రెండు చేతులతో పట్టుకుని కొట్టింది. బిందె నిండేసరికి ఆయాసం వచ్చి ఆగింది. పక్కన నిలబడి "ఇంజన్ అయితే చిటికెల నిండు అత్తమ్మా" అని నువ్వు ఆటపట్టించావు. ఆమె ఊపిరి కూడదీసుకుని ఏమన్నదో నేను మరిచిపోలేను. "నా చెయ్యి నొస్తె నేను ఆపుత. మిషన్‌కు చెయ్యి నొయ్యది గదనే!" అన్నది. ఆగస్టులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన మనిషేనా ఆమె?

తర్వాత కల్లంలో వడ్లు పంచడం చూశాను. కుప్ప చుట్టూ ఊరు నిలబడింది. ఎవరి వంతు వాళ్లు ఎత్తుకుంటున్నారు. ఎవరూ పక్కవాళ్ల గంపలోకి చూడడం లేదు. నేను చిన్నప్పటి నుంచి కల్లాలు చూశాను. ప్రతి కల్లంలో ఒకరు ఎత్తుకుంటుంటే పది మంది చూసేవాళ్లు. ఇట్లాంటి కల్లం మొదటిసారి చూశాను. ఆ రాతి పలకలో ఆకును చూసినప్పుడు కూడా నాకు ఇంత అబ్బురం కలగలేదు. అది కోట్ల ఏండ్ల నాటిది. ఇది నిన్న మీరు చేసింది.

నేను ఉద్యోగం మానేయను. నా కుటుంబం దీని మీదే ఉంది, దవాఖానల్లో లైట్లు వెలగాలి కూడా. కానీ నిన్న కొత్త బోరు దగ్గర అడవి ఊరి వాళ్లు వచ్చి దూరంగా నిలబడితే, ఎప్పటిలా పొమ్మనలేదు. కూర్చోమన్నాను. మీ బావులు ఎక్కడున్నాయి, చూపించండి అన్నాను. వాళ్లతో పోయి చూసి, మిషన్‌ను జరపాలని పెద్దసారుకు చెప్పాను. ఆయన చిరాకు పడ్డాడు. నేను మళ్లీ చెప్పాను. రేపు కూడా చెబుతాను.

మీ ఇద్దరి
చంద్రమౌళి


లింగాల ఘనపూర్ పోస్టు,
20 మే 1980

తమ్ముడూ,

ఎండలు మండిపోతున్నాయి. చెరువు అడుగు పగుళ్లు తేలింది. పంపు దగ్గర పొద్దునా సాయంత్రం వరుస ఉంటుంది, ఎవరి చేతులు నొస్తే వాళ్లు పక్కకు జరుగుతారు. శశికళ కొడుకు కూర్చుంటున్నాడట. మిషన్‌ను జరిపించావని రాశావు, మీ బావ ఆ ఉత్తరం కట్ట మీద చదివి వినిపించాడు.

నిన్న బంధువుల పెండ్లి పిలుపులకని చుట్టుపక్కల నాలుగు ఊర్లు తిరిగాం. ఎంత బాధనిపించిందో చెప్పలేను. ఇండ్లకు తాళాలు, గడపల మీద దుమ్ము. బొంబాయి పోయారు, భివండి పోయారు, ముసలివాళ్లను వదిలేసి పోయారు. పిలవడానికి బొట్టుపెట్టె పట్టుకుని పోతే కొన్ని వాడల్లో పెట్టించుకునే నుదురే లేదు.

పొద్దుగూకే వేళకు మన ఊరు చేరాం. మలుపు దగ్గర మీ బావ బండి ఆపి, "అహల్యా, జూడు" అన్నాడు. ఏముందని చూశాను. ఇండ్ల మీద పొయ్యిల పొగ లేస్తున్నది. ఈ చివర ఓదెమ్మ ఇల్లు, ఆ చివర మొండయ్య ఇల్లు, నడుమ వాడవాడలా ఇల్లిల్లూ. గాలి లేదు కాబట్టి పొగలు నిలువుగా లేచి పైన కలిసిపోతున్నాయి. ఇంత కరువులో ఒక్క గడపకూ తాళం పడలేదు.

ఎద్దులు కూడా కదలలేదు తమ్ముడూ. చీకటి పడే దాకా మేమిద్దరం అట్లా చూస్తూ బండి మీదే కూర్చున్నాం.

అక్క